జవాబు రాని జర్మన్

మా అమ్మ జర్మన్ మనిషి. ఆ దేశానికి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లిన నాన్నను పెళ్లి చేసుకుని విశాఖపట్నం వచ్చింది. నాతో జర్మనే మాట్లాడేది. నాన్నతో, బడిలో, వీధిలో నాకు తెలుగు. అందరి ఇళ్లలోనూ అమ్మకో భాష, నాన్నకో భాష ఉంటాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నాకు పందొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ తర్వాత నాతో జర్మన్ మాట్లాడేవాళ్లు లేకపోయారు.

2003లో పెళ్లయి అమెరికాలో అరిజోనా ఎడారిలోని చాండ్లర్ వచ్చాను. మా ఆయన చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. నా డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు. మరుసటి ఏడు పాప పుట్టింది. దాన్ని ఒళ్లోకి తీసుకోగానే నా నోటి వెంట జర్మన్ వచ్చింది. కావాలని మాట్లాడింది కాదు. పసిపిల్లలతో ఆడే మాటలు నాకు అమ్మ దగ్గర విన్నవే తెలుసు.

"జర్మన్ నువ్వు చూసుకో, తెలుగు నేను చూసుకుంటా. ఇంగ్లీష్ ఎలాగూ స్కూల్ చూసుకుంటుంది" అన్నారాయన.

ఆయన పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్లిపోయేవారు. బయట ఎండకి తలుపు తీయడానికే భయం. కిటికీలకు బ్లైండ్స్ దించి, రోజంతా ఆ చిన్న అపార్ట్‌మెంట్‌లో ఇంకా మాటలు రాని బిడ్డతో మాట్లాడుతూ ఉండేదాన్ని. ఇదిగో నీ సాక్స్, ఇప్పుడు ఉల్లిపాయ తరుగుతున్నాను, నాన్న వచ్చేస్తారు. నాకున్న జర్మన్ అంతా వంటకీ, స్నానానికీ, జ్వరానికీ, తిట్టడానికీ సరిపోయేదే. ఒంటరిగా ఉందని చెప్పుకోవడానికి ఆ భాషలో ఏమంటారో వెతుక్కోవలసి వచ్చింది.

ప్రీస్కూల్‌కి వెళ్లిన ఏడాదిలోనే పాప ఇంగ్లీషుకు మారిపోయింది. నాన్నతో కాస్త తెలుగు కలిపేది. నేను జర్మన్‌లో ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబు. వీకెండ్ పార్టీల్లో ఆంటీలు జాలిపడేవారు. "తెలుగే సరిగ్గా రావట్లేదు, మధ్యలో ఈ జర్మన్ ఎందుకండీ? పిల్ల కన్‌ఫ్యూజ్ అవ్వదూ?" నేను నవ్వేసి ప్లేట్లు సర్దేదాన్ని.

పాపకి ఆరేళ్లప్పుడు, లైబ్రరీలో జర్మన్ బొమ్మల పుస్తకాలు తీసుకుంటుంటే లైబ్రేరియన్ ఆపింది. "మీకు జర్మన్ వచ్చా? ఒకాయన తన తల్లి కోసం అడుగుతున్నారు" అని ఫోన్ నంబర్ ఇచ్చింది.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. తల్లి యుద్ధం అయ్యాక అమెరికన్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని వచ్చిందట. ఇప్పుడు వృద్ధుల కేంద్రంలో ఉంది. మతిమరుపు ముదిరి ఇంగ్లీష్ పూర్తిగా పోయింది. జర్మన్ ఒక్కటే మిగిలింది. "మాకు ఒక్క ముక్క నేర్పలేదు. స్కూల్లో ఏడిపిస్తారని భయపడింది" అన్నాడాయన. "ఏమంటోందో నాకు చెబితే చాలు."

పాపని తీసుకునే వెళ్లాను. పన్నెండేళ్ల తర్వాత నాతో ఒక మనిషి జర్మన్ మాట్లాడింది. వాన వచ్చేలా ఉంది, బట్టలు తీశారా అని అడిగింది. ఆ ఊళ్లో నెలల తరబడి వానే లేదు. తీశానని చెప్పాను. ఆ పూటంతా అలాంటి మాటలే. నాకు లేవాలనిపించలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆమె కొడుకు వైపు చూసి నన్ను మెల్లగా అడిగింది. "ఎవరతను? రోజూ వచ్చి కూర్చుంటాడు. మంచివాడిలాగే ఉన్నాడు."

"ఏమంది?" అన్నాడాయన ముందుకు వంగి.

"మీరు మంచివారంటున్నారు" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగొస్తుంటే కార్‌లో వెనక సీట్‌లోంచి పాప, "అమ్మా, ఆ అంకుల్‌కి ఎందుకు లై చెప్పావ్? గ్రాండ్‌మా 'హూ ఈజ్ హీ' అంది కదా" అంది.

కార్ పక్కకి ఆపేశాను. ఆరేళ్లుగా గోడతో మాట్లాడుతున్నాననుకున్నాను. పిల్ల అంతా వింటూనే ఉంది.

మర్నాడు వెళ్లి ఆయనకి నిజం చెప్పాను. ఆయన తల్లి వైపు తిరిగి చూశాడు. తర్వాత, "నేను నీ కొడుకుని అని ఎలా చెప్పాలి?" అని అడిగాడు.

"ఇష్ బిన్ డైన్ జోన్."

నాలుగైదుసార్లు గొణుక్కుని, తల్లి ముందు కూర్చుని చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపి, ఆ మాటల్ని సరైన ఉచ్చారణతో పలికి చూపించింది. ఆయన మళ్లీ చెప్పాడు. మళ్లీ దిద్దింది. పాపకి నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. ఆమె మాత్రం టీచర్‌లా సీరియస్‌గా, ఇంకోసారి అనమంది.

గుర్తుపట్టిందో లేదో తెలియదు. కొన్ని నెలలకి ఆమె పోయింది. ఆయన ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. ఆ తర్వాత మాకు మాట్లాడుకోవడానికి కారణం లేకపోయింది.

ఇప్పుడు పాపకి పదకొండేళ్లు. జర్మన్ మాట్లాడదు. బతిమాలాను, కోప్పడ్డాను, మానేశాను. "ఐ అండర్‌స్టాండ్ అమ్మా, అది చాలదా?" అంటుంది. చాలదు. కానీ దానికి అలా చెప్పను. పొద్దున లంచ్ బాక్స్ సర్దుతూ, చలిగా ఉంది, జాకెట్ మరిచిపోకు అని జర్మన్‌లో అంటాను. ఓకే అని ఇంగ్లీషులో అరిచి, జాకెట్ తీసుకుని బస్ కోసం పరిగెత్తుతుంది.