రెండో డిస్కులో నాన్న

మా ఇంట్లో అట్టపెట్టెల నిండా సినిమా డిస్కులున్నాయి. రాయ్‌పూర్‌లో మూతపడ్డ సీడీ అద్దె దుకాణాల సరుకు పాత సామాన్ల కొట్లలో బస్తాల్లో పడి ఉంటే కొనుక్కొచ్చినవి కొన్ని, విజయనగరం నుంచి రైలు డ్యూటీ మీద వచ్చేవాళ్ల చేత తెప్పించుకున్నవి కొన్ని. రాయ్‌పూర్ మోవా పేటలో మా గుమ్మం తొక్కిన ప్రతి చుట్టమూ ఆ పెట్టెలు చూసి ఒకటే మాట. "అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా, ఈ కబాడీ చెత్తంతా ఎందుకు?" నాకు ఒళ్లు మండుతుంది. టీ తాగి వెళ్లిపోయే మనిషితో వాదన ఎందుకని నవ్వి ఊరుకుంటాను. చెప్పాలంటే నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న గూడ్సు బండి గార్డు. మందిర్ హసౌద్ మీదుగా విజయనగరం వైపు పోయే లైన్లో తిరిగేవారు. ఒకసారి ఆ దారిలో ఏదో చిన్న స్టేషన్లో తెలుగు సినిమా షూటింగు జరుగుతోంది. నాన్న బండి సిగ్నల్ కోసం అక్కడే ఆగి ఉంది. సినిమావాళ్లకు కదిలే బండి కావాలి, బండికి గార్డు ఎలాగూ ఉన్నాడు. అలా నాన్న ఏ వేషమూ కట్టకుండానే తెరకెక్కారు. తెల్ల యూనిఫాంలో ప్లాట్‌ఫారం మీద నడిచొచ్చి, చివరి పెట్టె మెట్టెక్కి, పచ్చజెండా ఊపుతారు. అంతే ఆయన పాత్ర.

ఆ సినిమా ఎక్కడా ఆడలేదు. మా ఊరికైతే రానే రాలేదు. నాన్నే విజయనగరంలో వీసీడీ కొనుక్కొచ్చారు. రెండు డిస్కుల సినిమా, ఆయన ఉన్నది రెండోదాంట్లో. ఆదివారం పూట రైల్వే కాలనీలోని తెలుగువాళ్లంతా మా క్వార్టర్లో చేరేవారు. నాన్న తెర మీదికి రాగానే పిల్లలం ఈలలు వేసేవాళ్లం. ఆయన సిగ్గుతో వంటింట్లోకి జారుకునేవారు.

తర్వాత కొన్నేళ్లకే గుండె ఆగి పోయారు. ఫొటోలున్నాయి గానీ, అన్నింట్లోనూ కెమెరా ముందు బిగుసుకుపోయి పరాయి మనిషిలా ఉంటారు. నడిచే నాన్న, చెయ్యి ఊపే నాన్న మాకు ఆ డిస్కులోనే మిగిలారు. అమ్మ నా దగ్గరికి వచ్చేశాక, ఏటా సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక ఆ ముక్క వేయించుకుని చూసేది. ఏడ్చేది కాదు. అయిపోగానే "ఇంక ఆపీరా" అని లేచిపోయేది.

పోయిన సంవత్సరీకానికి డిస్కు సరిగ్గా నాన్న వచ్చేచోట ఆగిపోయింది. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి, ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. నేనేం కంగారుపడలేదు. ఆ సినిమా ఈమధ్యే ఒక యాప్‌లోకి వచ్చిందని నాకు తెలుసు. అమ్మను టీవీ ముందు కూర్చోబెట్టి దర్జాగా పెట్టాను. బొమ్మ కడిగినట్టుంది. హీరో స్టేషన్‌కొచ్చాడు, వీడ్కోలు చెప్పాడు, మరుక్షణం పట్నంలో ఆటో దిగాడు. మధ్యలో బండి లేదు. నిడివి తగ్గించడానికి ఎవరో కత్తిరించేశారు. వాళ్ల లెక్కలో అది ఊరికే గూడ్సు బండి కదలడం.

"మీ నాన్నేర్రా?" అంది అమ్మ.

నేను పాత డిస్కు తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టాను. మధ్యలో కాసంత మేర వెండిరంగు రాలిపోయి, అందులోంచి ఎదురింటి గోడ కనిపించింది. దెబ్బ తగిలింది మెరిసే వైపు కాదు, బొమ్మ అచ్చువేసిన పైవైపు. ఈ డిస్కుల్లో సినిమా అంతా ఆ పైరంగు కిందే ఉంటుందట. మేమేమో ఇన్నేళ్లూ మెరిసే వైపునే కంటికి రెప్పలా కాపాడుకున్నాం.

గార్డుల ఇళ్లలో దసరా ఆయుధపూజకు చేతిదీపం, ఈల, జెండాలు పెట్టి బొట్లు పెడతారు. నాన్న పోయాక అవన్నీ ఆఫీసుకు అప్పజెప్పేశాం. పూజలో పెట్టడానికి ఆయనదంటూ ఏమీ లేక అమ్మ ఆ డిస్కును పెట్టడం మొదలుపెట్టింది. మెరిసే వైపు వేలు తగలకుండా, పైవైపే గంధం రాసి కుంకుమ అద్దేది. మర్నాడు ఎండిన గంధాన్ని గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి దాచేది. ఏటా అదే చోట.

అమ్మ నా పక్కకొచ్చి ఆ చిల్లును చూసింది.

"నాను బొట్టెట్టే సోటే కదరా అది?"

"కాదమ్మా. పాతబడిపోయింది, అంతే."

నమ్మలేదు. ఆ మధ్యాహ్నమంతా చీర కొంగుతో చూపుడువేలి గోరు తుడుచుకుంటూ కూర్చుంది. చూడలేకపోయాను. ఇంకో కాపీ కోసం ఆరంగ్ దాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను, విజయనగరంలో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఆడని సినిమాను దాచుకున్న పిచ్చివాళ్లు మేం తప్ప ఎవరూ లేరు. కొట్లవాళ్లు విడిగా ఏరుకోనివ్వరు, బస్తా మొత్తం కొనాల్సిందే; అలా ఇంటికి తెచ్చిన డిస్కులన్నీ వేరే సినిమాలవే.

ఒక సాయంత్రం అమ్మే అడిగింది. "పోన్లే, నువ్వు సూసినావు కదా. ఎలా వస్తారో సెప్పు, ఇంతాను."

చెప్పాను. ప్లాట్‌ఫారం మీద నడక, ఎడంచేత్తో టోపీ సర్దుకోవడం, మెట్టెక్కడం, జెండా. "ఊపేశాక ఒక్కసారి వెనక్కి తిరిగి స్టేషన్ వైపు చూస్తారు" అన్నాను.

"ఎనక్కి తిరగనేదురా."

"తిరిగారమ్మా. నాకు బాగా గుర్తు."

"గలత్ రా అది. ఇంజనేపే సూస్తన్నారు. నాకు తెల్దేటి మీ నాన్న?"

తేల్చుకుందామంటే ఇంట్లో ఇన్ని వందల డిస్కుల్లో ఒక్కటీ పనికిరాదు. ఆవిడ మొహం చూసి, "అవునమ్మా, తిరగలేదు" అన్నాను. అమ్మ ఊపిరి వదిలి, కూరలు తరుక్కోవడానికి లేచింది.

ఆ తర్వాత కళ్లు మూసుకుని చాలాసార్లు చూశాను. నాన్న నడిచొస్తారు, మెట్టెక్కుతారు, జెండా ఊపుతారు. నేను కాచుకుని ఉంటాను. ఇప్పుడు నాక్కూడా ఆయన తిరగడం లేదు.