గురవయ్య సార్ పంచాంగంలో రాసిన నంబరు

నా ల్యాప్‌టాప్‌లో ఆ పాత యంత్రం మేలుకునేటప్పుడు ఒకే ఒక్క చప్పుడు చేస్తుంది. గోడమీద బల్లి పలికినట్టు "కిచ్" అంటుంది, అంతే. నిన్న సాయంత్రం అది పలకగానే వంటింట్లో ఉన్న మా అత్త చిటికె వేసి "సత్యం, సత్యం" అంది. నాకు నవ్వాగలేదు. పాతికేళ్ల కిందట, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మేడమీద, అదే చప్పుడుకు అచ్చం అలాగే చిటికె వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు గురవయ్య. అందరం సార్ అనేవాళ్లం. ఆయన నాకు కంప్యూటర్ నేర్పాడు, నిదానం నేర్పాడు. కంప్యూటర్ తొందరగానే వచ్చింది.

సార్ చదివింది పదో తరగతి. చీరలకు గ్రాఫ్ గీయడం ఆయన పని. అంచులో ఏ పోగు ఎక్కడ పైకి లేవాలో గళ్ల కాగితం మీద రంగు పెన్సిలుతో గడి గడీ నింపేవాడు. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే చీరలో మామిడిపిందె దిగుతుంది. అంగడి యజమాని బెంగళూరులో మూతపడిన ఒక మిల్లు నుంచి వర్క్‌స్టేషన్ అనే పెద్దరకం కంప్యూటరును సెకండ్‌హ్యాండులో కొనుక్కొచ్చేసరికి సార్‌కు యాభై దాటాయి. మామూలు కంప్యూటర్లకూ దానికీ పొంతన లేదు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, దానికి చెప్పాల్సిన మాటలు వేరు. దాని తెరను మెట్లెక్కించడానికి ముగ్గురు మనుషులు పట్టారు. నేను డిప్లొమా ముగించి అక్కడ పనిలో చేరి అప్పటికి నాలుగు రోజులు.

ఆన్ చేయగానే తెరమీద నాలుగు వరుసలు పడ్డాయి. వాటిలో ఎనిమిది అక్షరాల నంబరు ఒకటుంది. లోకంలో ఆ ఒక్క యంత్రానికే ఉండే నంబరట. సార్ సొరుగులోంచి పంచాంగం తీసి, ఆ పక్షం పేజీ అంచున నంబరు ఎక్కించి, గడియారం చూసి టైము కూడా రాశాడు.

"ఏంది సార్, దీనికీ జాతకం రాస్తాండారా?" అన్నాను.

"పుట్టినోళ్లకు రాసుకుంటామే, ఇంటికొచ్చినోళ్లకు రాసుకోగూడదా? నవ్వు తల్లీ, నవ్వు. నవ్విన నాపచేనే పండుతాది."

అప్పుడు ఆ మాటకూ నవ్వాను. పిల్లతనం, పైగా డిప్లొమా చదివానన్న పొగరు.

ఆ యంత్రాన్ని ఆపడం పెద్ద తతంగం. మీట నొక్కి ఆపేస్తే ఒప్పుకోదు. అప్పటిదాకా చేసిందంతా డిస్కులోకి దింపుకో అని చెప్పడానికి సింక్ అనే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని మూడుసార్లు, మూడు వేరువేరు వరుసల్లో కొట్టాకే ఆపాలని బెంగళూరు నుంచి వచ్చిన మెకానిక్ చెప్పిపోయాడు. సార్ ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు.

"ఒక్కసారి కొడితే చాలదా సార్?"

"చాలదు. ఒకటి డిస్కుకు, ఒకటి కరెంటోళ్లకు, ఒకటి నీ తొందరకు. ఒక్కోటి కొట్టి ఊపిరి పీల్చు. నువ్వు ఊపిరి తీసుకునే లోపల అది రాసుకుంటాది."

నేను రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. ఒక సాయంత్రం బస్సు వెళ్లిపోతుందేమోనని మూడింటినీ ఒకే వరుసలో టకటకా కొట్టేసి, మీట నొక్కి, మెట్లు దిగి పరుగెత్తాను. మర్నాడు యంత్రమైతే లేచింది గానీ, పదిరోజులుగా సారూ నేనూ కూర్చుని వేసిన మామిడిపిందెల అంచు అందులో లేదు. రాసుకుంటుండగా మీట నొక్కేస్తే పాతది కూడా చెడిపోతుందట, ఎంత వెతికినా లేదు. అంతలోనే ఆ అంచు కోసం ఓబులేసు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా ఊరి నేతపనివాడు, కొత్తగా సొంత మగ్గం వేసుకున్నాడు, ఆ మగ్గానికి అది మొదటి చీర.

సార్ నావైపు చూడనైనా చూడలేదు. "తప్పు నాదప్పా. నేనే సరిగ్గా దింపుకోలేదు. ఇంకో పదిరోజులు టైమియ్యి" అన్నాడు.

ఓబులేసు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడుపు తర్వాత. ముందు గళ్ల కాగితం తీయి" అన్నాడు సార్. జ్ఞాపకం మీద ఆయన చెబుతుంటే నేను నింపాను. పిందె తొడిమ దగ్గర రెండు గళ్లు అటూ ఇటూ అయ్యాయి గానీ, రెండో అంచు మొదటిదానికంటే అందంగా వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. ముగించిన రోజు ధైర్యం చేసి అడిగాను, నా తప్పు మీదెందుకు వేసుకున్నారని.

"నీ తప్పని జెప్తే ఆయప్పకు అంచొస్తాదా? చెప్పు" అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

కానీ కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. ప్రతి శనివారం డిస్కులో ఉన్నదంతా టేపులకు ఎక్కించాలి, రెండేసి కాపీలు. ఒకటి బీరువాలో. ఇంకొకటి పులివెందులలో కూతురు పద్మ ఇంటికి, గుడ్డసంచిలో, బస్సులో. "విత్తనాలన్నీ ఒకే గాదెలో పోసుకుంటామా?" అనేవాడు. పాపం పద్మ చాలాకాలం, "మా నాయన పాటల్లేని క్యాసెట్లు పంపిస్తాండాడు" అని అందరికీ చెప్పుకుని నవ్వేదట.

యంత్రాలకూ ముసలితనం వస్తుంది. లోపలి చిప్పులో ఉండే చిన్న బ్యాటరీ అయిపోయి, ఆ వర్క్‌స్టేషన్ తన నంబరు తానే మరిచిపోయింది. ఆ నంబరు చూపితే తప్ప గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. అప్పటికి చిన్న కంప్యూటర్లు చవకగా వచ్చేశాయి, ఎవరికీ పట్టలేదు. యజమాని దాన్ని పాతసామాన్ల వాడికి తూకానికి వేశాడు. సార్ పులివెందుల చేరి, మనవరాళ్లకు ముగ్గుల గ్రాఫులు గీసిపెడుతూ హాయిగా ఉండి, హాయిగానే పోయాడు. నేను పెళ్లయి ప్రొద్దుటూరులోనే స్థిరపడి, కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాను.

పోయిన ఏడాది ఓబులేసు మా ఇంటికొచ్చాడు. మీసం నెరిసింది.

"అక్కా, సార్ గీసిన మామిడిపిందెల అంచు ఉండ్య సూడు, దాని అట్టలు చెదలు తినేసినాయి. మైదుకూరోళ్లు మూడు చీరలడిగినారు, వాళ్లమ్మ పెండ్లి చీర మాదిరే గావాలంట. చీర లేదు, ఫోటో ఉండాది. ఫోటోలో పోగులు యాడ లెక్కబెట్టేది? ఈ అంచు చేతికొస్తే ఇంకా అడిగేటోళ్లు ఉండారు, నాలుగేండ్లు నా మగ్గం నాది. లేకుంటే మగ్గం అమ్మేసి అంగట్లో జీతానికి పోవాల."

నేను పోగొట్టిన అంచు. అదే. "చూస్తాలేప్పా" అన్నాను గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

పద్మ ఇంటి అటకమీద గుడ్డసంచీలు అలాగే ఉన్నాయి. టేపులూ ఉన్నాయి, యంత్రంతో పాటు వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలూ ఉన్నాయి. పాత యంత్రాల పిచ్చి ఉన్న బెంగళూరాయన ఒకరు టేపులను చదివి ఇచ్చారు. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాములు కొన్నుంటాయి, వాటిని ఎమ్యులేటర్లంటారు. నా ల్యాప్‌టాప్‌లో అలాంటిదొకటి పెట్టి, అందులో సార్ సీడీలు ఎక్కించి, నెలల తరబడి తంటాలు పడ్డాను. ఒకరోజు "కిచ్" అంది. అదే బూడిదరంగు తెర, అవే కిటికీలు! అరిచేశాను. ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ నొక్కితే యంత్రం నంబరు సరిపోలేదని మొండికేసింది. తన నంబరు తానే మరిచిపోయిన ఆ యంత్రం తూకానికి పోయి ఎన్నేళ్లో.

అప్పుడు పంచాంగం గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను.

"నాయన పంచాంగాలు ఒక్కటి గూడా పారేయలేదుమే, ట్రంకు నిండా ఉండాయి" అంది పద్మ. ఇద్దరం కింద కూర్చుని ఒక్కొక్కటే దులిపాం. పసుపుపచ్చ కాగితం, పొడిపొడి అవుతోంది. ఆ పేజీ దొరికింది. అంచున ఎనిమిది అక్షరాలు, గుండ్రటి దస్తూరీలో, చెక్కుచెదరలేదు. దానికి నాలుగు వరుసల పైన, అదే పెన్నుతో, ఇంకో జాతకం ఉంది.

"వసుంధర పనిలో చేరింది. ఉదయం పదీ ఇరవై. చెయ్యి తొందర. కన్ను మంచిది."

నా పేరే. ఇన్నేళ్లలో నన్ను గురించి ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు ఇంకొకరు లేరు. పద్మ కొంగు లాక్కుని కళ్లు తుడుచుకున్నాను. ఆమె నన్ను తిట్టి, కాఫీ ఇచ్చింది.

నిన్న సాయంత్రం ఓబులేసును పిలిపించాను. ఎమ్యులేటర్‌కు ఆ నంబరు చెప్పాను. సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా తెరుచుకుంది. మామిడిపిందెలు వరుసగా వచ్చి తెరమీద కూర్చున్నాయి. ఓబులేసు వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టాడు. తొడిమ దగ్గరికి వచ్చి ఆగి, "ఇదే, ఇదే" అన్నాడు.

నేనిక దాచుకోలేకపోయాను. "ఓబులేసప్పా, ఆ పొద్దు అంచు పోగొట్టింది సార్ కాదు. నేను."

"తెల్సులే అక్కా" అన్నాడు తెరమీది నుంచి చూపు తిప్పకుండా. "ఆ పొద్దు నీ మొగం జూస్తే ఎవురికైనా తెలుస్తాది. సార్ అట్ల జెప్పినాక ఇంక నేనేం అడిగేది?"

అంచును ప్రింటు తీసి చేతికిచ్చాను. ఇక యంత్రాన్ని ఆపాలి. కరెంటు పోదు, ఉన్న కాపీలకు లెక్కలేదు, ఈ కాలంలో ఒక్క నొక్కు చాలు. అయినా సింక్ అని కొట్టాను. ఊపిరి పీల్చాను. కింది వరుసలో మళ్లీ కొట్టాను.

ఓబులేసు కాగితాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, జమ్మలమడుగు బస్సుకు టైమయితాంది. బస్టాండు దాకా బండిమీద దింపుతానంటివే, అయిపోయిందా?"

"ఆగప్పా" అన్నాను. "ఇంకొకటుంది."