ఆఖరి గ్రీన్ ముందు తడి నేల

ఫిబ్రవరి ఇరవై ఒకటో తేదీ, శనివారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. బందరుకు దక్షిణాన, ఒకప్పుడు రొయ్యల చెరువులుగా ఉన్న భూమిని మెరక చేసి వేసిన గోల్ఫ్ మైదానంలో, తొమ్మిదో గ్రీన్ మీద, అంటే హోల్ ఉండే పొట్టి గడ్డి చదును మీద, నేనూ టోర్నమెంటు రిఫరీగారూ నిలబడి ఉన్నాము. మూడు రోజుల పోటీలో రెండు రోజులు ముగిశాయి. మరునాడు ఆ గ్రీన్‌లో హోల్ ఎక్కడ తవ్వాలో, జెండా ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించవలసి ఉంది. ఆయన వెనుకవైపు ఒకచోట, ముందువైపు ఇసుక గుంట దాటగానే ఒకచోట సుద్దతో చుక్కలు పెట్టారు.

"రెండూ న్యాయమైన చోట్లే. ఈ నేల మీకు తెలిసినట్టు నాకు తెలియదు. మీరే చెప్పండి మేడం," అన్నారు.

"ముందు పెడదామండి," అన్నాను.

వెంటనే అన్నాను. అప్పటికి పోటీలో అందరికంటే రెండు స్ట్రోకులు, అంటే రెండు దెబ్బలు, తక్కువ కొట్టి మొదటి స్థానంలో ఉన్నది మా బావ, మా అక్క భర్త. ఆ సంగతి రిఫరీగారికి మొదటి రోజే చెప్పాను. "అయితే ఏమిటమ్మా, గడ్డికి చుట్టరికం తెలుస్తుందా?" అని ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ సాయంత్రం నేను అనవలసిన మాట ఒకటే ఉంది: ఆడుతున్నది మా బావ, కాబట్టి మీరే నిర్ణయించండి. ఆ మాట అనలేదు. అంత పెద్దమనిషి నన్ను సలహా అడగడం నాకు గర్వంగా అనిపించింది.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటిదాన్ని. మాది అవనిగడ్డ దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. వ్యవసాయ శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాక మావాళ్లందరూ నేను మండలంలో వ్యవసాయాధికారిగా వస్తానని అనుకున్నారు. రొయ్యల ఎగుమతిలో బాగా సంపాదించిన ఒక యజమాని తన సరదా కోసం ఈ మైదానం వేయించి, గడ్డి చూసుకోవడానికి మనిషి కావాలన్నప్పుడు నేను చేరాను. ఊళ్లో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. "కోయడానికే పెంచుతారా? గేదెలకు కూడా వెయ్యరా?" అని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది.

ఇక్కడ పనిచేస్తూ నేను నేర్చుకున్నది ఏమిటంటే, పోటీలో ఎవరు గెలుస్తారన్నది కొంతవరకు నేల చేతిలోనూ, నేలను సిద్ధం చేసేవారి చేతిలోనూ ఉంటుంది. గడ్డిని ఒక్క మిల్లీమీటరు తగ్గించి కోసి రోలరు తిప్పితే బంతి మరో రెండు అడుగులు ఎక్కువ దొర్లుతుంది. మృదువైన చేయి ఉన్నవాడికి అది మేలు చేస్తుంది. గ్రీన్ తడిగా ఉంటే ఎత్తుగా కొట్టేవాడి బంతి పడినచోటే నిలుస్తుంది. నేల గట్టిగా ఉంటే నేలబారుగా కొట్టేవాడి బంతి దొర్లుకుంటూ పోయి జెండా చేరుతుంది. ఇందులో ఏదీ మోసం కాదు. కానీ ప్రతి నిర్ణయమూ ఎవరో ఒకరి వైపు కొద్దిగా ఒరుగుతుంది.

బావది నేలబారు దెబ్బ. ఆయన గోల్ఫు నేర్చుకున్నది శిక్షకుల దగ్గర కాదు. యజమానిగారి బండి నడుపుతూ, ఆయన సంచి మోస్తూ, ఆయన ఆడనప్పుడు పాత కర్రలతో ఖాళీ చెరువు గట్ల మీద ఆడుతూ నేర్చుకున్నారు. పగలు పది దాటితే మా దగ్గర సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ గాలికి ఎత్తుగా లేచిన బంతి ఎటు పోతుందో చెప్పలేము. అందుకని ఆయన బంతిని గాలికి అందకుండా తక్కువ ఎత్తులో కొట్టి, గ్రీన్‌కు ఇరవై గజాల ముందు పడేసి, అక్కడి నుంచి దొర్లించి జెండా దగ్గరకు పంపుతారు. అందుకు గ్రీన్ ముందున్న నేల గట్టిగా, పొడిగా ఉండాలి. జెండా వెనుక ఉంటే ఆ దొర్లుడుకు చోటు దొరుకుతుంది; ముందు, ఇసుక గుంట దాటగానే ఉంటే గుంట పక్కనున్న సన్నని దారి ఒక్కటే మిగులుతుంది, అది ఎత్తుగా కొట్టేవాడికే మేలు.

ఆ పోటీలో ఆయన గెలవడం మా అక్కకు ఎందుకు ముఖ్యమో నాకు తెలుసు. యజమానిగారు అందరి ముందూ మాట ఇచ్చారు: మనవాడు గెలిస్తే మైదానానికి కోచ్ మనవాడే, లేకపోతే హైదరాబాదు నుంచి తెచ్చుకుంటాం. కోచ్ అయితే బావకు రాత్రుళ్లు రొయ్యల లారీ నడిపే పని తప్పుతుంది. రెండేళ్ల క్రితం చెన్నై దారిలో ఆయన స్టీరింగు మీద నిద్రపోయి, లారీ పొలంలోకి దిగింది. పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆనాటి నుంచి, లారీ వెళ్లిన రాత్రి అక్క కంటి మీద కునుకు ఉండదు.

ఇవన్నీ తెలిసే "ముందు" అన్నాను. ఎందుకన్నానో అర్థం కావాలంటే రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీనులో విన్న మాట. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఆటగాళ్లు నా వెనుక బల్ల దగ్గర భోజనం చేస్తున్నారు.

"ఫస్ట్‌లో ఉన్నాయన ఎవరనుకున్నారు? గ్రీన్లు చూసే మేడం గారి బావ."

"అదీ సంగతి. అయితే ఆదివారం జెండా తీసుకెళ్లి ఆయన వాకిట్లోనే పాతుతారు లెండి."

"వాకిట్లో ఎందుకండీ, మంచం పక్కనే పెడితే పోలే?"

నవ్వుకున్నారు. వాళ్లు నన్ను చూడలేదు. నా పళ్లెంలో అన్నం అలాగే ఉండిపోయింది.

రెండోది మా నాన్న. ఆయన కాలువల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. షట్టర్లు ఎత్తడం, దించడం, శివారు పొలాలకు వంతుల వారీగా నీళ్లు అందించడం ఆయన పని. నీళ్లు వదిలే అధికారం చేతిలో ఉన్నవాడు తన వాళ్లకు ఆఖరున వదలాలన్నది ఆయన పట్టుదల. మా సొంత చిన్నాన్న చేలో ఆకుమడి ఎండుతున్నా మిగతా అందరి వంతులూ అయ్యేదాకా షట్టరు ఎత్తలేదు. ఆ మాట మా ఊళ్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నేను ఆ గొప్ప వింటూ పెరిగాను. మన వాళ్లకు ఆఖరున ఇవ్వడమే న్యాయమని నాకు తెలియకుండానే నమ్మకం కుదిరింది. వంతు వరుసలోనే ఇవ్వడం న్యాయమనీ, మన వాళ్లు అయినందుకు వెనక్కి నెట్టడం మరో రకం పక్షపాతమనీ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు మైదానానికి వెళ్లాను. తొమ్మిదో గ్రీన్ ముందున్న గడ్డి కొనలు తెల్లబడి ఉన్నాయి. అడుగు నేల నుంచి ఉప్పు పైకి తేలుతున్నదన్నమాట. మా దగ్గర ఇది ప్రతి వేసవికీ ముందు వచ్చేదే. కాలువ కట్టేయకముందు చెరువులో నింపుకున్న మంచినీళ్లు నిండుగా పెట్టి ఆ ఉప్పును లోతుకు దింపాలి. గ్రీన్ల కింద ఇసుక ఉంది కాబట్టి నీళ్లు త్వరగా ఇంకుతాయి. గ్రీన్ ముందు భాగం మాత్రం అసలైన నల్ల నేల. ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు.

ఆ ఉప్పు సోమవారం దాకా ఆగేదే. ఒక్క రోజులో గడ్డి చచ్చిపోదు. అది నాకు బాగా తెలుసు.

వాల్వు తిప్పాను. నీళ్లు పడుతున్నంతసేపూ నా మనసు తేలికగా ఉంది. ఇక ఎవరూ ఏమీ అనలేరు అనుకున్నాను. ఆ తేలికదనం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆఖరి రోజు ఒక్క చుట్టే, తొమ్మిది హోల్స్. ఆట పది గంటలకు మొదలైంది. తెల్లవారి ఆరాధన ముగించుకుని నాన్నా అక్కా కూడా వచ్చారు. అక్క చర్చి చీరతోనే ఉంది. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని తాడు అవతల నిలబడింది. బావ దారిలో నన్ను చూసి, "మరదలా, నీ గ్రీన్ల మీద కాలు పెట్టాలంటే చెప్పులు బయట విడవాలనిపిస్తోంది," అన్నారు. నేను నవ్వలేకపోయాను.

తొమ్మిదో హోల్‌కు వచ్చేసరికి ఆయన ఒక్క స్ట్రోకు ముందున్నారు. ఆయనతో ఆడుతున్నది విశాఖపట్నం నుంచి వచ్చిన ఆటగాడు; అతనిది ఎత్తైన దెబ్బ. గాలి ఎదురుగా ఉంది. అతని రెండో దెబ్బ ఆకాశంలోకి లేచి, గాలిలో కాసేపు ఆగినట్టయి, మెత్తని గ్రీన్ మీద జెండాకు నాలుగు అడుగుల దూరంలో పడి అక్కడే నిలిచింది.

తరువాత బావ. తన అలవాటు ప్రకారం తక్కువగా కొట్టారు. బంతి సరిగ్గా ఆయన అనుకున్న చోటే పడింది. పడి, నల్లటి మచ్చ చేసి, ఆగిపోయింది. ఒక అడుగు కూడా దొర్లలేదు.

ఆయన అక్కడికి నడిచి వెళ్లి బంతి వైపు చూశారు. బూటుతో నేలను మెల్లగా నొక్కారు. అంచు నుంచి నీళ్లు ఊరాయి. తలెత్తి జనంలో నా కోసం వెతికారు. చూశారో లేదో నాకు తెలియదు. నేను తల దించుకున్నాను. అక్కడి నుంచి ఆయన మూడు దెబ్బల్లో హోల్ చేశారు, మొత్తం ఐదు. విశాఖపట్నం ఆటగాడు మూడింటిలో ముగించాడు. ఒక్క స్ట్రోకు తేడాతో బావ రెండో స్థానంలో నిలిచారు.

బహుమతులు ఇచ్చేముందు బావ నీళ్ల కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ అడిగారు:

"నీళ్లు ఎప్పుడు పెట్టావు?"

"పొద్దున్న, బావా."

"ఉప్పు తేలిందా?"

"తేలింది."

"అయితే పెట్టాల్సిందేలే," అన్నారు.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెప్పవలసింది మాత్రం చెప్పలేదు.

క్యాంటీనులో నవ్వుకున్న ఇద్దరిలో ఒకాయన వచ్చి, తన మాటలు నేను విన్నానని ఎరగకుండానే, "చాలా నిఖార్సుగా చేశారండీ మేడం," అని నమస్కారం పెట్టాడు. నాన్న అక్కడే ఉన్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి, "నీ మీద మాట రాలేదమ్మా. అది చాలు," అన్నారు. నేను చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన మెప్పు అది. దాన్ని మోయడం నాకు చాలా కష్టమైంది.

వారం తరువాత గుడివాడలో అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క పెరట్లో కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. కుర్చీ వేసుకోమనలేదు.

"ఒక్కటి అడుగుతాను, చెప్పు," అంది. "మీ బావ కాకుండా ఇంకెవరో ముందున్నారనుకో. ఆ నీళ్లు సోమవారం పెట్టేదానివా, ఆదివారం పెట్టేదానివా?"

"సోమవారమేనేమో అక్కా."

"ఏమో ఏమిటి?"

"సోమవారమే."

అక్క చేప పొట్ట శుభ్రం చేసి గిన్నెలో వేసింది. "నాన్నకీ నీకూ మంచిపేరు కావాలే. పేరు మీది, ఖర్చు మాది," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

బావ లారీకి బయలుదేరబోతూ పెరట్లోకి వచ్చారు. చేతిలో ఫ్లాస్కు ఉంది. "ఎందుకే దాన్ని అంటావు? తడి నేనే కనిపెట్టాల్సింది. నేల ఎలా ఉంటే అలా ఆడాలి," అన్నారు అక్కతో.

అప్పుడు చెప్పాను. "బావా, ఆ నీళ్లు ఒక రోజు ఆగి పెట్టొచ్చు. జెండా కూడా వెనక పెట్టొచ్చు. రిఫరీగారు నన్నే అడిగారు."

ఆయన ఫ్లాస్కు మూత బిగించారు.

"బూటు కింద నీళ్లు చూసినప్పుడే అనుకున్నాను," అన్నారు. "నీ మీద మాట రాకూడదని చేశావు. నేనైనా అంతే చేసేవాణ్ణేమో." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "కాదులే. నేనైతే చేసేవాణ్ణి కాదు."

నవ్వుతూనే అన్నారు. లారీ స్టార్టయిన చప్పుడు సందు చివర దాకా వినిపించింది. అక్క చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

ఆ తరువాత మారినవి ఇవి. మైదానానికి హైదరాబాదు నుంచి కోచ్ వచ్చాడు. బావ వారానికి నాలుగు రాత్రులు చెన్నై లారీ నడుపుతున్నారు. గోల్ఫు ఆడటం మానేశారు. అక్క నాకు ఫోను చేయడం తగ్గించింది. బంధువులు ఆడే ఏ పోటీలోనూ జెండా చోటుగానీ, నీళ్లు పెట్టే వేళగానీ నేను నిర్ణయించనని యజమానిగారికి చెప్పాను. ఆయన సరేనన్నారు. మా బంధువులెవరూ మళ్లీ అక్కడ ఆడలేదు.