పక్కింటి అక్క వద్దన్న బిందె

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధికంతా ఒకటే కొళాయి. తెల్లవారుజామున కాసేపు వచ్చి ఆగిపోయేది. ఎండాకాలంలో పెన్న ఎండిపోతే ఆ కాసేపు కూడా నమ్మకం ఉండేది కాదు. నీళ్ల గొడవ ఆడవాళ్లు జుట్లు పట్టుకునే దాకా రావడంతో వీధివాళ్లంతా కలిసి మా అవ్వను పెద్దగా పెట్టుకున్నారు. ఇంటికి మూడు బిందెలని కట్టడి చేసింది ఆమే. కొళాయి దగ్గర నిలబడి పట్టించేదీ ఆమే. గొడవొస్తే తీర్పు చెప్పేదీ ఆమే. మా అవ్వ నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. మొదట్లో అంతా బాగానే జరిగింది.

పోనుపోనూ మా ఇంటికి నాలుగో బిందె రావడం మొదలైంది. అందరూ వెళ్లిపోయాక, ఎవరి కంటా పడదనుకుని అవ్వే పట్టేది. వీధికి ఇంత చాకిరీ చేస్తున్నాను కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని ఉంటుంది. ఆ నీళ్లతోనే నాకు రోజూ స్నానం. నేనూ హాయిగా పోయించుకునేదాన్ని.

దాని గురించి పైకి అడిగింది పక్కింటి అక్క ఒక్కతే. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఉండేది ఆమె, ఏడాది పిల్లవాడు. "అవ్వా, మీ ఇంటికి నాలుగో బిందె ఏ లెక్కన పోతాంది?" అని అందరి ముందూ అడిగేసింది. అవ్వకు తల కొట్టేసినట్టయింది. నోటికొచ్చినట్టు తిట్టి, తాను చెప్పేదాకా ఆ ఇంటికి చుక్క నీళ్లు పట్టకూడదని తీర్పిచ్చేసింది. అక్క ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

"నీ మింద ఎవురికి చెప్పుకోవల్ల అవ్వా? మళ్లా నీకే చెప్పుకోవల్లనా?" అంది.

వీధిలో ఒక్కరూ నోరు విప్పలేదు. మాట్లాడితే తమ నీళ్లు కూడా ఆగిపోతాయని భయం.

అక్క ఊరి బయట బావి నుంచి ఉప్పునీళ్లు తెచ్చుకుంది. ఆ నీళ్లు పడక పిల్లవాడికి వాంతులు పట్టుకున్నాయి. గోడ అవతల వాడి ఏడుపు వింటూ అవ్వ ముద్ద మింగలేకపోయింది. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని, మా ఇంటి మంచినీళ్ల బిందె తనే మోసుకుంటూ వాళ్లింటికి పోయింది. అక్క అందులోంచి ఒక చెంబు ముంచుకుని, బిందెను మా వైపు జరిపింది.

"వాడు చంటోడు గాబట్టి వానికి తీసుకుంటాండా. నాకొద్దు. నీకు దయ పుడితే తాగి, కోపమొస్తే ఎండేది ఏం బతుకవ్వా? నా వంతు నాకు కావల్ల."

అవ్వ బిందె ఎత్తుకుంది. తిరిగొస్తూ కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను. పొద్దున చేసిన స్నానం తలుచుకుంటే నా మీద నాకే రోత పుట్టింది.

మర్నాడు కొళాయి దగ్గర అవ్వ అందరినీ ఆపి, తనదే తప్పని ఒప్పుకుంది. ఇకమీదట కట్టడి అందరూ కూర్చుని చేయాలంది. దాని ప్రకారం నీళ్లు పట్టించడం వరకే తన పని. తగువులు ఎదురింటి మామ తీర్చాలి, తన మీద ఫిర్యాదు వచ్చినా ఆయనే వినాలి. ఏ ఇంటికైనా మొదటి బిందె మాత్రం ఎవరూ ఆపకూడదు, వీధంతా ఒక్కటై చెప్పినా సరే. మొదటి ఫిర్యాదు అక్కదే. ఎండాకాలం పోయేదాకా మా ఇంటికి రెండు బిందెలే అన్నాడు మామ. మర్నాటి నుంచి అవ్వ రెండే పట్టింది. పిల్లవాడు కోలుకున్నాడు. అక్క మాత్రం మా గడప మళ్లీ తొక్కలేదు.

తర్వాత బడిలో రాజ్యాంగం పాఠం వచ్చింది. చట్టం చేసేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు, న్యాయం చెప్పేవాళ్లు వేరు, పౌరుడి హక్కులను వీళ్లెవరూ ఇష్టమొచ్చినట్టు లాగేసుకోకూడదు అని అయ్యవారు చెబుతుంటే పిల్లలు ఆవలించారు. నాకు మాత్రం ఖాళీ బిందె చంకన పెట్టుకున్న అక్క కనబడింది.

పెద్దయ్యాక మండలాఫీసులో ఉద్యోగం చేశాను. పింఛను కాగితం చేతికి రాగానే ముసలివాళ్లు నాకు దండం పెట్టేవాళ్లు. చూసినవాళ్లు ఆ పింఛను నా మంచితనం వల్లే వచ్చిందనుకునేవారు. నేను లేచి ఆ చేతులు దించేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను. అయినా బజారులో ఎవరో ఒకరు కనబడి, "నీ దయ వల్ల పింఛను వస్తాందమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అక్క మా వైపు జరిపిన బిందె గుర్తొచ్చి నేను తల దించుకుంటాను.