మిల్లీమీటర్ బాబాయ్ బిగించిన మీటరు

మా బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఆయన చెవిన తప్పు కొలత పడకూడదు. పడిందా, దాన్ని సరిచేసేదాకా ఆయనకి ముద్ద దిగదు, ఎదుటివాళ్లని తిననివ్వడు. రోడ్ల శాఖలో సర్వేయరు. ఊళ్లో అందరూ వెనకాల మిల్లీమీటర్ అనేవారు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన నొచ్చుకోలేదు. "సెంటీమీటర్ అన్లేదు, అదే పదివేలు" అన్నాడు.

దారి అడిగినవాళ్లకి ఎవరైనా "ఇక్కడే, రెండడుగులు" అని చెబితే చాలు, బాబాయ్ వాళ్ల వెంట నడిచి వెళ్లి, తిరిగొచ్చి మరీ చెప్పేవాడు. "నూట పద్నాలుగు అడుగులండీ. పాపం, మీ మాట నమ్మి మూడో అడుగుకే ఎవరింట్లోనో దూరితే?" పిన్ని పక్కింటావిడకి ఏదో వంట చెబుతూ "చిటికెడు ఉప్పు" అంటే, వరండాలోంచి "ఎవరి వేళ్లతో?" అని కేక వినపడేది.

"గంట నుంచి పిలుస్తుంటే పలకరేం?" అని పిన్ని విసుక్కుంటే, "గంటేం కాదు, నాలుగు నిమిషాలు" అనేవాడు.

"అంటే నాలుగు నిమిషాలూ వినపడుతూనే ఉందన్నమాట!" అని పిన్ని పట్టుకునేది. పాపం, ఆయన నిజాయితీయే ఆయన్ని ఎప్పుడూ ముంచేది.

మా నాన్నది పూర్తిగా వేరే తంతు. అంకెలు ఆయన చెవికెక్కేవి కావు. కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరు. స్తంభాలు ఎక్కడుంటే అక్కడికి పోవాలి కాబట్టి, తారురోడ్డు మీదా మట్టిదారిలోనూ ఒకేలా పరిగెత్తే పాత మోటారుసైకిలు ఒకటి ఉండేది ఆయనకి. దాని స్పీడోమీటరు కేబుల్ ఏనాడో తెగిపోయి, ముల్లు సున్నా మీద పడి నిద్రపోతుండేది. వెనక కూర్చున్న అమ్మ "మెల్లిగా, మెల్లిగా" అని మొత్తుకుంటే, నాన్న ఆ ముల్లు చూపించి "అసలు కదలనే లేదు కదే!" అనేవాడు.

అలా కదలకుండానే ఒక వానాకాలం బురదలో జారి పడ్డాడు. భుజంలో ప్లేటు వేశారు. "బండి నడపొచ్చు కానీ నలభై దాటకూడదు. మళ్లీ పడ్డారంటే ఆ చెయ్యి లేవదు" అన్నాడు డాక్టరు.

"నలభైలో పోయేదాన్ని బండి అనరు, మంచం అంటారు. అరవైకి తగ్గేది లేదు" అని నాన్న భీష్మించుకున్నాడు. అమ్మ ఆయనకంటే మొండిది. బండి కొనేవాణ్ని ఆదివారం రమ్మని కబురు పెట్టేసింది. నాన్న ఇంకేమీ వాదించలేదు. బండి పక్కన కుర్చీ వేసుకుని, సీటు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, అయినా ఆయన్ని అలా చూస్తుంటే చిన్నపిల్లలా ఏడుపొచ్చేది.

శనివారం పొద్దున్నే బాబాయ్ అగ్గిపెట్టెంత డిజిటల్ మీటరు పట్టుకుని దిగాడు.

"వదినా, బండి అమ్మొద్దు. ఇది బిగిస్తాను. అన్నయ్య ఇందులో అరవై దాటడు. ఏమన్నయ్యా?"

"ఒట్టు!" అన్నాడు నాన్న. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

"డాక్టరు చెప్పింది నలభై కదయ్యా! అంకెల మనిషివి, నువ్వు కూడా అరవై అంటావేం?" అని అమ్మ లేచింది. బాబాయ్ ఆవిడని వంటింట్లోకి పిలిచి ఏదో గుసగుసలాడాడు. అమ్మ బయటికొచ్చి, "సరే, అరవై" అంది. నాన్నా నేనూ నోళ్లు వెళ్లబెట్టాం.

మెకానిక్‌కి గంట పట్టే పని బాబాయ్‌కి రోజంతా పట్టింది. పాత మీటరు ఊడదీసి, ముందు చక్రానికి శనగగింజంత అయస్కాంతం అతికించి, దానికెదురుగా సెన్సారు బిగించాడు. రెండిటి మధ్యా ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలని కాగితంలో రాసుంది. తొమ్మిది వచ్చిందని మూడుసార్లు విప్పాడు.

తర్వాత చక్రం చుట్టుకొలత. అదెంతో మనం చెబితేనే మీటరు వేగమూ దూరమూ లెక్కగట్టగలదు. బాబాయ్ టైరు మీదా నేల మీదా సుద్దతో గీతలు గీశాడు.

"ఎక్కి కూర్చో అన్నయ్యా. బరువుకి టైరు కుంగుతుంది. రోజూ ఇలాగే వెళతావా?"

"ఇలాగే."

"పనిముట్ల సంచీ?"

సంచీ తగిలించాం.

"టిఫిను క్యారేజీ?"

అమ్మ తెచ్చింది.

"ఖాళీది తెచ్చావా వదినా? నింపి పట్రా!"

నిండు క్యారేజీతో నాన్న ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటే, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా బండి తోశాం. బాబాయ్ టేపు పరిచి, "రెండు వేల నూట నలభై ఎనిమిది మిల్లీమీటర్లు!" అని వీధంతా వినపడేలా చెప్పాడు. ఆ తర్వాత మీటరు మీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని బటన్లు నొక్కాడు. ఎండకి అంకెలు కనపడక కాబోలు అనుకున్నాను.

అప్పుడే నాన్నకి కొత్తగా పంపుహౌసు లైను అప్పజెప్పారు. ఎప్పుడూ వెళ్లని దారి. రోజూ అరవైలో వెళ్లి అరవైలో వచ్చేవాడు. ఒకసారి నేనూ వెనకెక్కాను. పల్లంలో పోస్టమ్మ సైకిల్ మీద మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది.

"చూశావా అమ్మలూ, అరవై అయిదులో పోతోంది! ఎవరైనా బుద్ధి చెప్పాలి ఆవిడకి" అన్నాడు నాన్న.

ఒక ఆదివారం బాబాయ్‌తో టీ తాగుతూ నాన్న గర్వంగా ప్రకటించాడు. "పంపుహౌసు ఇక్కడికి ముప్పై మూడు కిలోమీటర్లురా!"

ఆ దారి కొలిచిందే బాబాయ్. అది ఇరవై రెండని మా చిన్నప్పుడు మా అందరికీ వల్లె వేయించాడు. ఇంకేముంది, యుద్ధమే అనుకుని కప్పు కింద పెట్టాను. బాబాయ్ ఆముదం మింగిన మొహంతో, "అవునన్నయ్యా" అన్నాడు.

బాబాయ్ తప్పు కొలత ఒప్పుకోవడమా! తిన్నగా బండి దగ్గరికెళ్లి మీటరు బటన్లు నొక్కి చూశాను. ఆయన్ని పెరట్లో పట్టుకున్నాను.

"బాబాయ్, కొలిచింది రెండు వేల నూట నలభై ఎనిమిది. మీటర్లో మూడు వేల రెండొందల ఇరవై రెండుందేం?"

"ఎన్ని రెట్లు?"

"ఒకటిన్నర."

"సరిగ్గా ఒకటిన్నరేనా?"

"సరిగ్గానే."

"మరింకేం? నలభైలో పోతుంటే అరవై చూపిస్తుంది. డాక్టరు మాటా నిలబడింది, అన్నయ్య మాటా నిలబడింది. మీ అమ్మకి తెలుసు. నువ్వు నోరు మెదపకు."

"మరి నీకు నిద్రెలా పడుతోంది బాబాయ్?"

"పట్టట్లేదమ్మడూ. ఆయన ముప్పై మూడు అన్నప్పుడల్లా ప్రాణం గిలగిల్లాడిపోతోంది" అన్నాడు. ఆయన్ని వాటేసుకోవాలనిపించింది, వాటేసుకున్నాను.

కొన్నాళ్లకి రోడ్డు వెడల్పు చేస్తూ స్తంభాలు జరిపించే పని మీద కొత్త ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. బాబాయ్ శాఖవాడే, ఆయనే వెంటబెట్టుకొచ్చాడు. నాన్న ఊరుకుంటాడా? "ముప్పై మూడు కిలోమీటర్లు, ముప్పై మూడు నిమిషాలు. అరవైకి ఒక్క గీత అటూ ఇటూ పోనండీ" అని మొదలెట్టాడు.

"ఇరవై రెండేనండీ. పంపుహౌసు గేటు పక్కన పొదల్లో కిలోమీటరు రాయి కూడా ఉంది" అన్నాడు ఇంజనీరు.

నాన్న మొహంలో నవ్వు ఆగిపోయింది. మెల్లిగా తల తిప్పి కిటికీలోంచి బండి వైపు చూశాడు. అమ్మ టీ పళ్లెంతో వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడింది. ఆయనకి అనుమానం వచ్చిందంటే మీటరు పోతుంది, రేపట్నుంచి మళ్లీ అసలు అరవై, ఆ వెనకే బండి కొనేవాడు. బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"ఆ రాయి తప్పండీ."

"మన శాఖ రాయే కద సార్!"

"పాతించింది నేనే. అప్పట్లో తప్పు కొలిచాను."

ఇంజనీరు తెల్లబోయాడు. "సార్, మీరా? పదకొండు కిలోమీటర్లు తప్పా?"

"పదకొండే" అన్నాడు బాబాయ్. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

నాన్న లేచి వెళ్లి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేరా, మనిషన్నాక పొరపాటు పడడా? దీనికింత బాధపడతావేం? నేనెవరికీ చెప్పను."

చెప్పకుండా ఎక్కడున్నాడు! ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాన్న ఆ బండి నడిపాడు. ఒక్కసారీ పడలేదు. ఆ తొమ్మిదేళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, "మా తమ్ముడు గొప్ప సర్వేయరే కానీ, ఒకసారి పది కిలోమీటర్లు తప్పు కొలిచాడండీ" అని నవ్వుతూ చెప్పేవాడు.

బాబాయ్ పక్కనే తల వంచుకుని కూర్చుని, "పది కాదన్నయ్యా, పదకొండు" అని సరిచేసేవాడు.