రెండుసార్లు అమ్మిన గింజ

ఒక్క గింజను రెండుసార్లు అమ్మినవాణ్ని నేను. మధిర బజారులో మాది మూడు తరాల వ్యాపారం. చింతపండును గింజతో సహా తూచినవాళ్లూ, తడి బెల్లం అమ్మి ఎండలో పెట్టుకొమ్మని సలహా ఇచ్చినవాళ్లూ మా వాళ్లలో ఉన్నారు. కానీ ఒకే గింజను ఒక చేత్తో మనుషులకు, ఇంకో చేత్తో బర్రెలకు అమ్మిన మొనగాణ్ని మా వంశంలో నేనొక్కణ్నే. ఆ తెలివికి అప్పట్లో నా భుజం నేనే తట్టుకున్నాను. ఈ ఉదయం మిల్లు నుంచి వచ్చిన బస్తా ఒకటి కుట్టు ఊడి, ఇంకా వేడి తగ్గని తవుడు దుకాణం గడప దగ్గర పోగుపడింది. నువ్వులు వేయించినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నా చేతిలో చీపురు ఆగిపోయింది. రూతమ్మ టీచర్ పోయి మూడేళ్లయింది. ఈ వాసన వచ్చిన ప్రతిసారీ ఆవిడ నా గల్లాపెట్టె ముందు నిలబడే ఉంటుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో పత్తి చేలు తగ్గి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంటుంది నేనిప్పుడున్న ఊరు. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి కిరాణా దుకాణం పెట్టుకున్నాను. బజారు చివర ఆడపిల్లల హాస్టల్ బడి ఉంది. అందులో ఆటల టీచరు రూతమ్మ, కల్లూరు దగ్గరి పల్లెలో ఒక పాస్టరుగారి కూతురు. చీర కొంగు నడుముకు దోపుకొని, కాళ్లకు బూట్లు, మెడలో విజిల్‌తో ఆవిడ బజారులో నడుస్తుంటే మా ఈడు మగవాళ్లం కూడా నడుము నిటారు చేసుకొనేవాళ్లం.

మా పరిచయం బేరంతోనే మొదలైంది. కొర్రబియ్యం అడిగితే తెల్లగా మెరిసేవి చూపించాను. ఆవిడ చిటికెడు నోట్లో వేసుకొని తల అడ్డంగా ఊపింది.

"ఇవి కాదు సత్తయ్యా. పైపొట్టు తీస్తే చాలు, లోపలి తవుడు పోవద్దు. పాలిష్ పట్టనివి కావాలె."

"టీచరమ్మా, గవి ముక్కిపోతయ్. వానకాలమొస్తే పురుగు పడ్తది. దుకాణంల ఎవరు పెట్టుకుంటరు?"

"పురుగుకు తెల్సింది నీకు తెల్వదా? బలం యాడుంటే అది ఆడికే పోతది."

పరుగు పందేలకు తయారయ్యే పిల్లల కోసం, హాస్టల్ భోజనం కాకుండా, ఆవిడ తన జీతంలోంచి ఇంకొంత తిండి పెట్టేది. పొద్దున పరుగు అయ్యాక కొర్ర అంబలి, నానబెట్టిన పల్లీలు. సాయంత్రం ఉలవలు, ఉడికించిన గెనుసుగడ్డలు, నువ్వులూ బెల్లమూ దంచిన ముద్ద. పల్లెల నుంచి వచ్చే పిల్లలు సెలవులకు పోయి వచ్చేటప్పుడు ఎండిన ఇప్పపువ్వు మూటగట్టుకొని తెచ్చేవాళ్లు. దాన్ని కూడా ఉడికించి నువ్వులతో కలిపేది. "ఆకులు అలములు తిని ఏం ఉరుకుతరు? గొర్రెలమందను తయారు చేస్తున్నవా?" అని పక్క బడి ఆటల సారు ఎగతాళి చేసేవాడు. నేను కూడా వ్యాపారం వదలకుండా, అరలో దుమ్ము పట్టిన పౌడరు డబ్బాలు చూపించి, "ఇవి పెట్టరాదు టీచరమ్మా, పట్నంల అందరూ ఇవే తాగుతున్నరు" అన్నాను. ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పి అక్కడే పెట్టేసింది. "ఈ పిల్లలు రేపు ఇంటికి పోయినా దొరికేదే నేర్పాలె. వాళ్ల ఊర్ల గింజ దొరుకుతది, డబ్బా యాడ దొరుకుతది?"

నన్ను ఆవిడ గ్రౌండుకు లాగిన సంగతి చెప్పాలి. అప్పుడు నాకు బీపీ, నిద్రలేమి, ముక్కు మీద కోపం. ఒకరోజు ఒక ముసలాయన కందిపప్పు ధర మూడోసారి అడిగాడని తూకం రాయిని బల్లకేసి కొట్టాను. పక్కనే ఉన్న టీచరమ్మ ఆ రాయిని తీసి మెల్లగా తక్కెడ పక్కన పెట్టింది.

"రేపు పొద్దుగాల గ్రౌండుకు రా సత్తయ్యా."

"ఎందుకు టీచరమ్మా?"

"ఇయ్యాల రాయి బల్లకు తగిలింది. రేపు ఎవరికి తగుల్తదో."

మర్నాడు నాలుగు రౌండ్లు తిరగమంది. నా రక్తం ఊరుకోలేదు. "నాలుగు ఎక్కువైతయ్, రెండు చేసుకోండి" అన్నాను. ఆవిడ ముఖంలో నవ్వు లేకుండా, "బేరం ఆడినవ్ గదా, కొసరు ఒకటి. ఐదు తిరుగు" అంది. బస్కీలు తీస్తున్న పిల్లలు కిందపడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సమ్మక్క. అడవి లోపలి ఊరి పిల్ల, తొమ్మిదో తరగతి. నెత్తిమీద నీళ్ల బిందె ఉన్నట్టు, తల కదలకుండా పరుగెత్తేది.

పరుగు తర్వాత అందరినీ నేల మీద కూర్చోబెట్టి గిన్నెల్లో అంబలి పోసేది. ఒకటే నియమం: తింటున్నంతసేపు మాట వద్దు, నమలకుండా మింగొద్దు. "పండ్లు నోట్ల ఉన్నయ్, కడుపుల లేవు" అనేది. నేను గిన్నె పట్టుకొని రేపటి సరుకు గురించి ఆలోచిస్తుంటే ఆవిడకు ఎలా తెలిసేదో ఏమో. "దుకాణం తలకాయల పెట్టుకొని తినకు. గంటసేపు మూసినా ఎవడూ ఎత్తుకపోడు" అని వేలితో నా గిన్నెను తట్టేది. కొన్ని నెలలకు నాకు నిద్ర పట్టడం మొదలైంది. డాక్టరు మందు మాన్పించలేదు గానీ, పెంచనూ లేదు. ముసలాయన వచ్చి ధర నాలుగోసారి అడిగినా చెప్పగలిగాను. ఆ తిండి, ఆ పరుగు, ఆ కాసేపటి మౌనం నాకేం చేశాయో నా ఒంటికి తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తెలియక చేశాననే సాకు నాకు లేదు.

ఆ ఏడాది వానలకు ఒక బస్తా కొర్రలు పురుగు పట్టి పారబోశాను. మర్నాడు మిల్లులో కూర్చొని ఏడుస్తుంటే మిల్లువాడు, "ఇంకోసారి మర పట్టిస్తే పురుగే రాదు సేటూ, తవుడు కావాలంటే బర్రెలోళ్లు క్యూ కడ్తరు" అన్నాడు. నా బుర్రలో దీపం వెలిగింది. పాలిష్ పట్టిన గింజ టీచరమ్మకు. తవుడు పాలవాళ్లకు. గింజ మరీ తెల్లగా కనబడకుండా పైన రెండు గుప్పెళ్ల తవుడు చల్లాను. మా ఇంటికి మాత్రం పాత పద్ధతిలోనే పాలిష్ లేకుండా విడిగా పట్టించుకొని తెచ్చుకున్నాను.

ఒకరోజు టీచరమ్మ అడిగింది: "వంటామె అంటున్నది, ఈ మధ్య కొర్రలు జల్దీ ఉడుకుతున్నయంట?"

"కొత్త పంట టీచరమ్మా" అన్నాను.

నమ్మింది. నా మీద ఆవిడకున్న నమ్మకం అంత మెత్తనిది. అంబలిలో ఉలవకట్టు కలిపితే రుచిలో తేడా తెలియదు. పిల్లలు బడి గంట కొట్టకముందే ఆకలంటున్నారని, సమ్మక్క చివరి రౌండ్లో డీలా పడుతోందని ఆవిడ నాతోనే చెప్పుకొంది. పరుగు ఎక్కువై అలసిపోతున్నారేమోనని సాధన తగ్గించింది. నేను పక్కనే నా రౌండ్లు తిరుగుతూ ఇంటి కొర్రల బలంతో హాయిగా ఊపిరి తీసుకున్నాను.

ఖమ్మంలో క్రీడా హాస్టల్ ఎంపికలు జరిగాయి. వయసు లెక్కన సమ్మక్కకు అదే ఆఖరి అవకాశం. ఎంపికైతే చదువూ పరుగూ రెండూ వాళ్లే చూసుకుంటారు. కాకపోతే పది అయ్యాక మానెయ్యాలని తండ్రి ముందే చెప్పాడు. టీచరమ్మ అడిగితే నేనూ వెళ్లాను. సమ్మక్క సగం దాకా రెండో స్థానంలో ఉంది. ఆఖరి రౌండ్లో ఎప్పుడూ కదలని తల అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఒకరు దాటారు, మరొకరు దాటారు. గీత దాటాక గడ్డిలో కూర్చొని తొడల మీద పిడికిళ్లతో కొట్టుకుంది. "కాళ్లు ఖాళీ అయినయ్ టీచర్. ఎంత తోసినా పోలే."

తిరుగు బస్సులో టీచరమ్మ నా పక్క సీటులో కూర్చుంది. బస్సు కదిలాక అంది: "నాదే తప్పు సత్తయ్యా. అందరూ చెప్పిన్రు, నేనే మొండికి పోయిన. నా పట్టుకు పిల్ల బలైంది."

అప్పుడు నోరు తెరిచి ఉండొచ్చు. కిటికీలోంచి టేకు చెట్లు చూస్తూ, "మీరేం చేస్తరు టీచరమ్మా, దాని అదృష్టం" అన్నాను.

వారం తర్వాత ఆవిడ మా ఇంటికి వచ్చింది. కొర్రలు మానేస్తానని, ఇక నుంచి ఆ పౌడరు డబ్బాలే పంపమని చెప్పడానికి వచ్చింది. మా ఆవిడ పద్మ తినకుండా వెళ్లనివ్వలేదు. కొర్రన్నం, ఉలవచారు వడ్డించింది. టీచరమ్మ తన నియమం ప్రకారం మాట లేకుండా నమలసాగింది. రెండో ముద్దకు దవడ నెమ్మదించింది. మూడో ముద్దకు నా వైపు చూసింది. అయినా కంచంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, చేయి కడుక్కుంది.

"ఈ కొర్రలు యాడివి పద్మా?"

"మన దుకాణంలవే టీచరమ్మా. మా కోసం ఆయన విడిగా పట్టిస్తరు. పాలిష్ పట్టినయ్ తింటే జల్దీ ఆకలైతదంట ఆయనకు."

పద్మకు పాపం ఏమీ తెలియదు. ఇంకో ముద్ద తినాల్సిందంటూ గరిటె పట్టుకొని నిలబడింది. టీచరమ్మ నాతో, "కొత్త పంట అన్నవ్ గదా" అంది, అంతే.

నాకు చేతనైన విద్య ఒక్కటే. బేరం మొదలుపెట్టాను. "ఏడాదంతా కొర్రలు ఊరికే ఇస్త టీచరమ్మా. ఉలవలు కూడ. ఈ మాట మన మధ్యలనే ఉండనీయండి."

"బేరం ఆడకు సత్తయ్యా. గింజ వల్లనే పందెం పోయిందని నేను అనను, గది ఎవరూ తేల్చలేరు. కానీ నా పిల్లలు వాళ్ల కాళ్లను వాళ్లే తిట్టుకుంటున్నరు. రేపొచ్చి నీ నోటితోని చెప్పు."

వెళ్లాను. పిల్లలందరూ నేల మీద కూర్చున్నారు. మాట గొంతు దాకా వచ్చింది. కానీ పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? అక్కడ కూడా ధర తగ్గించాను. "మిల్లోడు పొరపాటున ఒక్క బస్తా పాలిష్ పట్టిండు. నేను చూసుకోలే" అన్నాను. రెండు నెలల తప్పును ఒక్క బస్తాకు దించి, అదీ మిల్లువాడి నెత్తిన పెట్టాను.

సమ్మక్కే నన్ను ఓదార్చింది. "పోనీలే సేటూ. ఒక్క బస్తాతోని ఏమైతది? ఆనాడు నా కాళ్లే ఉరకలే."

టీచరమ్మ నోట్లో విజిల్ ఉంది. ఊదలేదు. నేను మాట దిద్దుకుంటానని చూసిందనుకుంటాను. నేను నేలచూపులు చూశాను. ఆఖరికి విజిల్ ఊది, "లెవ్వండి. నువ్వు కూడ సత్తయ్యా, కొసరుతోని" అంది. ఆవిడే ఎందుకు కల్పించుకొని నిజం చెప్పలేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ తర్వాత కూడా సరుకు నా దగ్గరే కొన్నది. కానీ కొన్న ప్రతిసారీ గుప్పెడు గింజలు నోట్లో వేసుకొని, నా ముందే నిలబడి, అవి పిండి అయ్యేదాకా నమిలేది. ఎన్నో తిట్లు తిన్నాను గానీ ఆ నమలడం అంత పొడవైన తిట్టు ఇంకోటి తినలేదు. సమ్మక్క చదువు ఆగకుండా వాళ్ల నాన్నను ఒప్పించింది కూడా ఆవిడే.

సమ్మక్క ఇప్పుడు అటవీ శాఖలో బీట్ ఆఫీసరు. నెలకోసారి ఖాకీ బట్టల్లో వచ్చి కొర్రలు తీసుకుంటుంది. టీచరమ్మ లాగే ముందు గుప్పెడు నములుతుంది. ఈ ఉదయం తవుడు పోగు పక్కన నిలబడి నములుతుంటే, చీపురు పట్టుకొనే అన్నాను: "సమ్మక్కా, ఆనాడు మిల్లోడు కాదు. ఒక్క బస్తా కాదు. రెండు నెలలు, నేనే."

చెయ్యెత్తి ఆగమంది. తింటున్నప్పుడు మాట వద్దు కదా. పూర్తిగా నమిలి, మింగి, అప్పుడంది:

"టీచర్‌ను ఒకసారి అడిగిన, నిజంగా ఒక్క బస్తానేనా అని. 'సేటు చెప్తడు, ఆగు' అన్నది. నువ్వు ఇంత లేటు చేస్తవనుకోలే సేటూ."

"మళ్లా పోటీల ఎందుకు ఉరకలే నువ్వు?"

"నా కాళ్లు గంతే అనుకున్న" అని, సంచీ తెరిచి బల్ల మీద పెట్టింది. "తూకం వెయ్యి."

తూచాను. ఇక లెక్క. వచ్చింది: ఆ తవుడు మీద మిగిలినదాంతో కొన్న సీలింగు ఫ్యాను ఒకటి, ఇప్పటికీ నా నెత్తిమీద తిరుగుతూనే ఉంది. పోయింది: తన కాళ్ల మీద ఒక పిల్లకున్న నమ్మకం, నాకు నిద్రనిచ్చిన మనిషి బస్సులో తన మీద తాను వేసుకున్న నింద, నేను చెబుతానని ఆవిడ ఎదురుచూసిన ఏళ్లన్నీ. ఇందులో మిల్లువాడి వాటా ఏమీ లేదు.