రాజుగారి వేటలో కర్రలు పట్టినవాళ్ళు

మొన్న మా మనవరాలు మ్యూజియం దుకాణంలో కొన్న గుడ్డసంచీ భుజాన వేసుకుని ఆంగ్ మో కియోలోని మా ఫ్లాటుకు వచ్చింది. సంచీ మీద పాత పారశీక గ్రంథంలోని రాజుగారి వేట బొమ్మ, బంగారు ఆకాశం కింద గుర్రం మీద రాజు, ఎదురుగా లేళ్ళ గుంపు. "తాతా, కింగ్ సో బ్రేవ్ లా!" అంది, మాట చివర "లా" తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. సంచీకి సరిపడేలా బొమ్మ అంచులు కోసేశారని చూసి నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో ఒంటికి ఆ మాత్రం వేడి మంచిదే.

అసలు సంగతంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. ఆ కాలపు రాజుల వేటంటే, ముందుగా జనం కొండలూ పొదలూ చుట్టుముట్టి, కేకలు వేస్తూ కర్రలతో జంతువులను తోలుకొచ్చి ఒకచోట పోగుచేశాక, రాజుగారు తీరిగ్గా వచ్చి మొదటి బాణం వేయడం. చిత్రకారుడు రాజుగారి ఉప్పు తిన్నవాడే అయినా ఆ తోలేవాళ్ళను మరిచిపోలేదు; కొండ వెనకనుంచి తలలు కనబడేలా వేసి, పెదవి మీద వేలు పెట్టించాడు. మనం ముక్కున వేలేసుకుంటామే, ఆ ఆశ్చర్యమే అది.

చదువు ముగించి ఈ ఊళ్ళో ఒక చిన్న గ్యాలరీలో, వచ్చినవాళ్ళకు బొమ్మలు చూపించి వివరించే కొలువులో చేరిన కొత్తల్లో, అక్కడ గోడకున్న ఇలాంటి వేట బొమ్మ గురించి మాకు బట్టీ పట్టమని ఇచ్చిన పాఠంలో మాత్రం ఆ వేలికి అర్థం లేళ్ళు బెదరకుండా నిశ్శబ్దం అని ఉండేది. అరుస్తూ తోలుకొచ్చినవాళ్ళు ఇక్కడికొచ్చి నిశ్శబ్దం పాటించడమేమిటని అడిగితే, ఇక్కడే పుట్టిపెరిగిన మా పై అధికారిణి, "రాజు వీరత్వం చెప్పు, చాలు లా, కర్రల గోల నీకెందుకు?" అని తేల్చేసింది. బొమ్మను అరువిచ్చిన పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడనీ, ఆయన మనసు నొస్తే బొమ్మా, బొమ్మతోపాటు నా కొలువూ, కొలువుతోపాటు ఈ దేశంలో ఉండే అనుమతీ పోతాయనీ మర్యాదగానే చెప్పింది. నెల్లూరు నుంచి అప్పుడే తంజోంగ్ పగార్ అద్దెగదికి వచ్చిన మా ఆవిడ అది విని, "రాజుగారూ పోయారు, ఆ కర్రలోళ్ళూ పోయారు. మీరొక్కరే మిగిలారు, నోరు మూసుకోండి సామీ," అంది. అందులో తప్పేమీ లేదు.

పెద్దమనిషి రానే వచ్చాడు. పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన చాలాసేపు బొమ్మ చూసి, కొండ వెనక తలలు వేలితో చూపించి, వీళ్ళెవరని అడిగాడు. "ప్రేక్షకులు," అంది మా అధికారిణి. నోరు తెరిచి అడిగిన మనిషికి అబద్ధం చెప్పడానికా ఇన్నేళ్ళు చదివిందనిపించి, "వీళ్ళే లేకపోతే రాజుగారు పొద్దంతా గుర్రమెక్కి గాలి పీల్చుకుని ఇంటికొచ్చేవారండీ," అన్నాను. ఆయన నవ్వలేదు. రాజును చిన్నబుచ్చానన్నాడు, మధ్యాహ్నమంతా ఆ బొమ్మ ముందే నిలబడి గీత గీతకూ నాతో వాదించాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఏటితో కొలువు పోయింది. దేశంలో ఉండే అనుమతి గడువు తీరకముందే జురాంగ్ వెస్ట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పే పని దొరికింది; అది దొరికేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదనను, అవసరమైనంతే మాట్లాడింది.

ఇప్పుడు కాలం మంచిదయింది. తోలేవాళ్ళ సంగతి గ్యాలరీల్లో గోడమీదే రాసి పెడుతున్నారు, చెప్పినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. జనం వచ్చి, ఫోనెత్తి బొమ్మను ఫోటోలో పట్టుకుని, పక్క గదిలోకి సాగిపోతారు. ఇవాళ అడిగినా నా జవాబు అదే, ఒక్క ముక్క మార్చను. అడిగేదాకా, అడిగి కోప్పడేదాకా బొమ్మ ముందు నిలబడే మనిషే ఇప్పుడు కనబడడం లేదు.